తూనీగ ఎడమ రెక్క

1398వ రోజు

విమానం పని మొదలెట్టి ఇన్ని రోజులకు, ఇవాళ దానికి పేరు రాశాడు మా రంగుల పనివాడు దొరబాబు. కుడి రెక్క మీద ‘తూనీగ’ అనీ, ఎడమ రెక్క మీద ‘తూనిగ’ అనీ రాసి, నిచ్చెన దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ప్రభాకరం మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. మా సంఘానికి ఆయనే పెద్ద. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక విమానం కడదామంటూ మమ్మల్ని పోగేసిన మనిషి.

“ఎడమవైపు దీర్ఘం ఏమైందయ్యా?” అన్నారు.

“బరువండీ. రెండేపులా దీర్ఘాలెడితే రంగెక్కువైపోయి లెగదేమోనని ఒకేపే పెట్టానండి.”

“అయితే ఇప్పుడది కుడివైపుకి ఒరుగుద్ది,” అంది మెహరు. మెహరున్నీసా మా పైలట్. తెరచాప పడవలు నడిపి, పుట్టిన లంక మీద కన్నా నీళ్ళ మీదే ఎక్కువ పెరిగిన పిల్ల. ముప్పై దాటినా నాకు పిల్లే.

అంతటితో ఆగలేదు. పైలట్ గది తలుపు మీద ‘తలుపు మూయుము’ అని రాయమంటే ‘తలుపు మోయుము’ అని రాశాడు. మెహరు ఆ తలుపు ఊడదీసి నెత్తి మీద పెట్టుకుని, పాత రైసుమిల్లు అంతా, అంటే మా షెడ్డంతా, మూడు చుట్లు తిరిగింది. “రాసినట్టే చేస్తన్నా మాస్టారూ, రూలు రూలే కదా!” మాస్టారు నవ్వీ నవ్వీ బస్తా మీద కూలబడ్డారు.

నేను నవ్వుతూనే ఎడమ రెక్కలో మారు తీగలు కలిపాను. తూనీగ రెక్కలకు కదిలే పలకలు లేవు, రెక్కే మెలి తిరుగుతుంది. లోపల కండర తీగలున్నాయి, కరెంటు ఇస్తే బిగుసుకునే రకం. ఎడమ రెక్క వెనక అంచును ఎర్ర తీగ పైకి లాగుతుంది, ఆకుపచ్చ తీగ కిందికి లాగుతుంది. కుడి రెక్కకు నీలం, పసుపు. ప్రతి తీగకూ ఒక మారు తీగ. అసలు తీగ వేడి, మా కొలతలో సున్నా నుంచి మొదలై, నూరుకు చేరితే మారుపెట్టె తనంతట తనే పనిని మారు తీగకు అప్పగిస్తుంది.

ఈసారి దొరబాబు తీగలకు వేసిన ఎరుపు బాగా రాలేదు. ఇటుక రంగులో ఉంది. అందరి ముందూ అన్నాను. “పండుమిరప రంగక్కా అది, ఒట్టు!” అన్నాడు. “మిరపకాయ బూజు పట్టిందేమో,” అన్నాను. అందరూ నవ్వారు.

1401వ రోజు

రంగుల పలక మీద యుద్ధం. ఏ తీగ ఏం చేస్తుందో రాసి గోడకు తగిలించే పలక అది. దొరబాబు ఒకచోట ‘పచ్చ’ అని, ఇంకోచోట కూడా ‘పచ్చ’ అని రాశాడు.

“ఇది ఆకుపచ్చా, పసుపుపచ్చా?” అని మాస్టారు.

“చూస్తే తెలీదాండీ?”

“చూడలేనివాడి కోసమేనయ్యా రాత.”

“అయితే గోంగూర రంగు అని రాస్తానుండండి.”

“ఎర్ర గోంగూరా, తెల్ల గోంగూరా?” అని మెహరు అందుకుంది. కాడ రంగా, ఆకు రంగా అని అరగంట సాగింది. చివరికి మాస్టారే సున్నం చాక్‌పీసు తీసుకుని పూర్తి మాటలు రాశారు.

అసలు తీగలు కూడా కలపడం అయింది. దొరబాబు నా కోసం ఎరుపును మళ్ళీ కలిపి తెచ్చాడు. నాకది ఇంకా మట్టిరంగుగానే ఉంది. మూడోసారి కలుపుతానన్నాడు. రంగు తగిలి అతని వేళ్ళ సందులు ఒరిసిపోయి ఉన్నాయి.

నా దగ్గు తగ్గింది. క్షయ మందులు మొదలుపెట్టి ఇది మూడో నెల. ఎస్తేరు నర్సు ఇచ్చిన బిళ్ళలు ఒక్కటీ మానలేదు.

1403వ రోజు

ఇవాళ అసలు తీగలకు మొదటిసారి కరెంటు ఇచ్చాం. మెహరు లోపల కూర్చుని, విమానం నడిపే కర్రను ఎడమకు వంచింది. ఎడమ రెక్క అంచు పైకి లేవాలి. కిందికి దిగింది.

మెహరు ఇంకోసారి వంచింది. మళ్ళీ కిందికే.

“అక్కా?” అంది మెహరు.

పైన రెక్క మూత తీసి చూశాను. ఎర్ర తీగ ఉండాల్సిన చోట ఏ తీగ ఉందో నాకు అర్థం కాలేదు. రెండూ ఒకేలా ఉన్నాయి. కరెంటు మీటరు పెట్టి ఒక్కొక్కటీ వెతికి పట్టుకుని మార్చాను. ఈసారి రెక్క సరిగ్గా లేచింది.

“ఏం జరిగింది?” అన్నారు మాస్టారు.

“జాయింటు వదులైంది. పైగా ఈ రంగులొకటి.”

దొరబాబు తన వేళ్ళకంటిన రంగు చూసుకున్నాడు. మాస్టారు రిజిస్టరులో ‘జాయింటు వదులు’ అని రాశారు. ఇరవై రెండేళ్ళు రేవు దాటించే పంటు ఇంజన్లు బాగుచేశాను. జాయింటు వదులుగా ఉంచిన దాన్ని కాదు. అది నాకు తెలుసు.

1404వ రోజు

పొద్దున మిల్లు గోడ పక్కన మెహరు నిలబడి, “మందారం ఎలా విరగబూసిందో చూడక్కా,” అంది. చూశాను. ఆకులున్నాయి. “అవును,” అన్నాను. ఆ పిల్ల వెళ్ళిపోయాక దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమితే పూలు దొరికాయి. పదకొండు లెక్కపెట్టాను. నాలుగడుగులు వెనక్కి వేయగానే ఆకుల్లో కలిసిపోయాయి.

ఎస్తేరు దగ్గరికి పరిగెత్తినట్టే వెళ్ళాను. నా కళ్ళ ముందు ఏవో రంగు దారాలు పెట్టి అడిగింది. తర్వాత నా బిళ్ళల డబ్బా తెరిచి, ఒక రకం మొత్తం ఏరి తన జేబులో వేసుకుంది.

“రంగులు మసకబారితే ఆ రోజే రావాలని మొదటి రోజే చెప్పాను కదమ్మా!”

“మళ్ళీ వస్తాయా?”

“ఆపేశాం కాబట్టి కొన్ని నెలల్లో రావచ్చు. రాకపోనూ వచ్చు. దీని బదులు వేసే మందు ఇక్కడ లేదు, కొండ ఆసుపత్రిలో ఉంది. పడవ వెళ్ళేటప్పుడు రాసి పంపుతాను.” తలుపు దాకా వచ్చి అడిగింది, “మీ వాళ్ళకి చెప్పావా?”

“చెప్తాను,” అన్నాను.

దొరబాబు రంగుల్లో ఏ లోపమూ లేదు. 1398వ రోజున మారు తీగలు కలిపింది ఈ కళ్ళతోనే.

1406వ రోజు

మారు తీగలు విప్పి మీటరుతో చూద్దామని, ఎవరూ రాకముందే మిల్లుకు వెళ్ళాను. అప్పటికే మాస్టారూ దొరబాబూ అక్కడున్నారు. రెక్కలో మారు తీగలున్న అరంతా జిగురు పోసి మూసేశారు. ఉప్పుగాలి చొరబడకుండా గట్టిపడే జిగురు. కోసి విప్పి మళ్ళీ మూయడానికి రెండు రోజులు పడుతుంది.

“నీకు శ్రమ తగ్గిద్దామని పొద్దున్నే పెట్టేశాం,” అన్నారు మాస్టారు సంతోషంగా.

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. చెబితే నన్ను తీగల మీద చెయ్యి వేయనివ్వరు. నాలుగేళ్ళ పని. ఇంకెవరికీ ఈ తీగల సంగతి తెలియదు. ఇలా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నిజం ఏమిటంటే సిగ్గేసింది. దొరబాబు మూడోసారి కలిపిన రంగు గిన్నె పట్టుకుని, బాగుందా అన్నట్టు నా మొహంలోకి చూస్తున్నాడు.

“ఇప్పుడు బాగుంది,” అన్నాను.

మారు తీగల పరీక్ష 1415వ రోజున పెట్టుకున్నాం. నేల మీద అసలు తీగలు పూర్తిగా వేడెక్కడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ రోజు ఎటూ తెలిసిపోతుంది.

1409వ రోజు

సముద్రం ముందే తిరగబడింది. నీళ్ళలో సుడులు లేచే సుడికాలం రావడానికి ఇంకా మూడు వారాలుందనుకున్నాం. నిన్న పొద్దుటి పడవ సగం దారిలో వెనక్కి వచ్చింది. ఇక మూడు నెలలు లంక దాటే పడవ లేదు. పోయిన సుడికాలంలో మందులందక తొమ్మిదిమంది పోయారు. వాళ్ళలో మెహరు తమ్ముడొకడు.

మధ్యాహ్నం ఎస్తేరు మిల్లుకు వచ్చింది. చక్కెర జబ్బు సూదిమందు పన్నెండు రోజులకే ఉందట. రోజూ అది పడాల్సినవాళ్ళు పధ్నాలుగుమంది.

“ఎల్లుండి పొద్దున పరీక్ష చేద్దాం,” అంది మెహరు. “దీపస్తంభం దాకా పోయి వస్తా. పన్నెండు నిమిషాలు పోను, పన్నెండు రాను. బాగుంటే ఆ మర్నాడే కొండకి.”

“మారు తీగల పరీక్ష?” అన్నారు మాస్టారు.

“మబ్బు చూశారా మాస్టారూ? బ్యాటరీ సగం నేల మీదే తగలేస్తే ఈ కాస్త ఎండకి మళ్ళీ నిండటానికి వారం. ఇరవై నాలుగు నిమిషాలకి మారు తీగ అక్కరే రాదు. ఏమక్కా?”

అందరూ నా వైపు చూశారు. నలభై నిమిషాలకు గానీ వేడెక్కని తీగ, ఇరవై నాలుగు నిమిషాల ప్రయాణం. లెక్క సరిగ్గానే ఉంది.

“అక్కర రాదు,” అన్నాను.

దిగగానే చెప్పేద్దామనుకున్నాను. ఎస్తేరు నన్నే చూస్తోంది. వెళ్ళేటప్పుడు కూడా ఏమీ అడగలేదు. నేను చెప్పేసే ఉంటాననుకుని ఉంటుంది.

1411వ రోజు

 ఇవాళ్టిది ఇవాళే రాస్తాను.

పొద్దున ఏడుంబావుకు తూనీగ మడుగు మీద నుంచి లేచింది. దాన్ని నీళ్ళ మీద తేల్చే పడవకాళ్ళ నుంచి కారిన నీళ్ళు దారంలా కొంతదూరం కనిపించాయి. దొరబాబు గంతులేశాడు. మాస్టారు చేతిలో గడియారం, నా చేతిలో రేడియో.

అయిదో నిమిషం: “వేడి ముప్పై,” అంది మెహరు. నేల మీద అయిదు నిమిషాలకు పన్నెండు దాటేది కాదు.

తొమ్మిదో నిమిషం: “గాలి కుమ్మేస్తోందక్కా. కర్ర ఊరికే ఉండట్లా. వేడి యాభై.” గాలికి ఒరిగిన ప్రతిసారీ రెక్కను సరిచేయాలి. సరిచేసిన ప్రతిసారీ తీగ వేడెక్కుతుంది. నలభై నిమిషాలన్నది నిశ్చలమైన షెడ్డులో వేసిన లెక్క. 

పన్నెండో నిమిషం: “దీపస్తంభం దగ్గరున్నా. తిరుగుతున్నా. అరవై నాలుగు. ఇరవయ్యో నిమిషంకల్లా మారుపెట్టె అందుకుంటదేమో. అందుకోనీ, అదీ పరీక్షయిపోద్ది!” నవ్వింది.

మీట నొక్కాను.

“మెహరూ, విను. ఎడమ మారు తీగలు తిరగబడి ఉండొచ్చు.”

“ఏంటీ?”

“నాకు ఎరుపూ ఆకుపచ్చా తెలియట్లేదు. మందు వల్ల కళ్ళు పోయాయి. అవి కలిపిన రోజుకే పోయాయి. ఎటు కలిపానో నాకు తెలియదు.”

మాస్టారు గడియారం మీద నుంచి తలెత్తారు. దొరబాబు నా పక్కనే ఉన్నాడు. అతని వైపు చూడలేదు. రేడియోలో గాలి హోరు తప్ప ఏమీ లేదు. నేను లెక్కపెట్టాను, ఏడు దాకా.

“మారితే ఏమవుద్ది?” గొంతు మారిపోయింది. పని గొంతు.

“కర్ర ఎటు వంచినా రెక్కలు రెండూ ఒకే వైపు మెలి తిరుగుతాయి. ఒరగదు. సరిచేద్దామని ఇంకా వంచేకొద్దీ వేగం చచ్చి పడిపోతుంది.”

“తోక?”

“తోకకు తీగల్లేవు. నీ కాళ్ళ కింద తాళ్ళే. అది పనిచేస్తుంది.”

“సరే. ఇంటికింకా పది నిమిషాలు. అంతసేపు ఆగదిది. కింద దిగుదామంటే అలలు మనిషెత్తున్నాయి.” ఊపిరి పీల్చిన శబ్దం. “పైకెళ్తా. పైనుండగానే మారనీ. నీళ్ళ దగ్గర మారిందంటే ఏమీ మిగలదు.”

మాస్టారు నా భుజం పక్కనుంచి వంగి, “అమ్మా, కర్ర నడిమధ్యన పెట్టి వదిలెయ్యి. కాళ్ళతోనే నడుపు,” అన్నారు. ఆయన గొంతు స్థిరంగా ఉంది. 

పదిహేను. డెబ్బై తొమ్మిది. పదిహేడు. ఎనభై ఎనిమిది. ఆమె ఎత్తు చెబుతోంది, వేడి చెబుతోంది, ఇంకేమీ చెప్పడం లేదు. పంతొమ్మిదో నిమిషంలో, “తొంభై తొమ్మిది,” అంది. తర్వాత, “మారింది.”

చూస్తున్నాం. దూరాన చిన్న గీతలా ఉంది తూనీగ. ఆ గీత ఒక్కసారి ముక్కు ఎత్తింది. అలాగే వేలాడింది. తర్వాత ముక్కు దించి జారడం మొదలెట్టింది.

“మెహరూ!”

జవాబు లేదు. గీత కిందికి, ఇంకా కిందికి. దొరబాబు నీళ్ళలోకి దిగాడు. అప్పుడు ఆ గీత మెల్లగా, కష్టంగా, మడుగు వైపు తిరిగింది.

“తిరగబడే ఉంది,” అంది రేడియోలో. “కొంచెం వంచి చూశా. వదిలేశా. కాళ్ళతో వస్తున్నా. మడుగులో పడవలన్నీ తీయించండి.”

మిగిలిన అయిదు నిమిషాలూ నాకు గుర్తున్నాయి, కానీ అంతా రాయలేను. గాలి ఎటు నెడితే అటు ఒరుగుతూ, తోకతో ఎలాగో లాక్కుంటూ వచ్చింది. నీళ్ళను తాకే క్షణంలో కుడివైపు ఒరిగింది. కుడి పడవకాలు విరిగి, విమానం గిర్రున తిరిగి ఆగింది.

దొరబాబు అందరికన్నా ముందు ఈది వెళ్ళాడు. మెహరు నుదురు చీరుకుపోయి, తన కాళ్ళ మీద తనే గట్టెక్కింది. నా ఎదురుగా వచ్చి నిలబడింది. మొహం మీద కారుతున్నది రక్తమో నీళ్ళో నాకు తెలియలేదు. రెండూ ఒకే రంగులో ఉన్నాయి.

“ఎప్పట్నుంచి తెలుసు మీకు?” అంది.

ఎప్పుడూ అక్కా, నువ్వూ అనే పిల్ల. మీరు అంది.

“వారం నుంచి.”

తలూపి, ఎస్తేరుతో కుట్లు వేయించుకోవడానికి వెళ్ళిపోయింది.

1412వ రోజు

మాస్టారు రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు. “1403వ రోజు కొట్టెయ్యమ్మా. ఏం జరిగిందో నువ్వే రాయి.” రాశాను. ఆయన చదివి, ఒక్క అక్షరం కూడా దిద్దకుండా మూశారు. తిట్టి ఉంటే బాగుండేది.

దొరబాబు విరిగిన పడవకాలు దగ్గర ఉన్నాడు. వెళ్ళి, “నీ రంగులు సరిగ్గానే ఉన్నాయి. మొదటిసారివి కూడా,” అన్నాను.

చెక్క మీద చిత్రిక పట్టడం ఆపలేదు. “మూడుసార్లు కలిపానక్కా. లోపం మీ కళ్ళదని అనుకోలేదు, నా చేతులే పాడైపోయాయేమో అనుకున్నాను. ఇంటికెళ్ళి మా ఆవిడకి చూపించాను, ఇది ఎరుపేనా అని. రోజూ అడిగేవోణ్ణి.” చెక్క పొట్టు దులిపి, “మీరు నాతో అనుంటే ఎవరికీ చెప్పకుండా పక్కన కూర్చుని ఏది ఏదో చెప్పేవోణ్ణి కదండీ,” అన్నాడు.

 చెక్క అవతలి చివర పట్టుకుని నిలబడ్డాను, అతను చిత్రిక పట్టాడు.

1416వ రోజు

ఎడమ రెక్క కోశాం. దొరబాబు ఎర్ర తీగ పట్టుకుని “ఎరుపు” అంటాడు. నేను దానికి దారంతో ఒక ముడి వేస్తాను. “ఆకుపచ్చ” అంటాడు, రెండు ముడులు. తర్వాత కళ్ళు మూసుకుని వేళ్ళతో జాయింటు కలుపుతాను. మీటరు మాస్టారు చూస్తారు. ముగ్గురమూ సరే అంటేనే తర్వాతి తీగ. జిగురు పోసే ముందు మాస్టారు తన సొంత బ్యాటరీ తెచ్చి మారు తీగలకు నేరుగా తగిలించి చూశారు. రెక్క ఎటు లేవాలో అటే లేచింది.

ఎస్తేరు సూదిమందు మోతాదులు తగ్గించింది. పధ్నాలుగుమందిలో ఒకాయన, చేపల వలలు అల్లే సోమన్న, నిన్నటి నుంచి మంచం దిగలేదు. నా దగ్గు కూడా మళ్ళీ మొదలైంది.

సాయంత్రం మెహరు వచ్చి రెక్క చుట్టూ తిరిగి చూసింది. అయిదు రోజులుగా నాతో మాట్లాడలేదు.

“ఎల్లుండి వెళ్తున్నా,” అంది. “వెనక సీట్లో మీరు కూర్చోవాలి.”

మాస్టారు ఏదో అనబోయారు. “పెట్టెలకు చోటు తగ్గుద్ది, తెలుసు,” అంది మెహరు. “కానీ ఈ రెక్క కలిపినావిడ దాని మీదే రావాలి. లేకపోతే నేను కర్ర పట్టుకోలేను.”

“వస్తాను,” అన్నాను.

1418వ రోజు

నేను విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. నాలుగేళ్ళుగా కట్టాను కానీ ఎక్కలేదు.

పొద్దున ఆరున్నరకు లేచాం. కింద మా లంక అరచేయంత అయి, ఆ తర్వాత లేకుండా పోయింది. సుడులు తెల్లగా, గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి కొండ అంచు దాకా ఉన్నాయి. పడవ వెళ్ళే చోటు కాదది. మెహరు వీపు తప్ప నాకు ఎదురుగా ఏమీ లేదు.

“డెబ్బై,” అంది పధ్నాలుగో నిమిషంలో. తర్వాత ఎనభై. తొంభై.  ఒక్కొక్క ముడినీ మనసులో తడుముకున్నాను.

“మారుద్దిప్పుడు,” అంది.

మారింది. రెక్క చిన్నగా వణికింది. మెహరు కర్రను వెంట్రుకవాసి ఎడమకు వంచింది. తూనీగ ఎడమకు ఒరిగింది. కుడికి వంచింది. కుడికి ఒరిగింది. ఆమె భుజాలు కిందికి దిగాయి. అప్పటిదాకా ఎంత బిగబట్టుకుని ఉందో అవి దిగాక తెలిసింది నాకు. 

కొండ చెరువులో దిగాం. ఆసుపత్రివాళ్ళు బ్యాటరీ నింపి, ఎస్తేరు రాసిచ్చిన చీటీ చూసి ఆరు పెట్టెలు ఎక్కించారు. ఒకదాని మీద నా పేరు కూడా ఉంది, ఆపేసిన బిళ్ళల బదులు మందు. కళ్ళ డాక్టరు చూసి ఎస్తేరు మాటే చెప్పింది. ఆరు నెలలు ఆగి చూడాలి. తిరుగు ప్రయాణంలో మారుపెట్టె రెండోసారి మారింది. ఈసారి మెహరు వేడి చదవడం కూడా మానేసింది.

మడుగులో దిగేసరికి జనం మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చేశారు. ఎస్తేరు మొదటి పెట్టె అక్కడే తెరిచి, నీళ్ళలోనే నడుచుకుంటూ సోమన్న ఇంటికి పోయింది. రెండు గంటలకు కబురొచ్చింది. ఆయన లేచి గంజి అడిగాడట.

నేను విమానం పక్కనే నిలబడి ఉన్నాను. మెహరు తాళ్ళు కట్టేసి వచ్చింది.

“వారం లోపల ఇంకో మూడు ట్రిప్పులు వేయాలి. ఇకనుంచి పెట్టెలే ఎక్కిద్దాం, వెనక సీటు అక్కర్లేదు,” అంది. నేను తలూపాను. రెండడుగులు వేసి ఆగింది. “లేచేముందు తీగలు చూడాలి. రేపు ఆరింటికి రండి.”

1419వ రోజు

అయిదుంబావుకే వెళ్ళాను. మెహరు అప్పటికే రెక్క మూత తీసి, దీపం పట్టుకుని, నా కోసం నిలబడి ఉంది.